అక్క ఇచ్చిన రాళ్ళు

ఇంట్లో సముద్రం పెట్టుకోవాలని సరదాపడే కొత్తవాళ్ళకు పగడాల టీచరు చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"తొట్టి పెట్టారు, నీళ్ళు పోశారు, ఉప్పు కలిపారు, రాళ్ళు పేర్చారు. బాగుంది. ఇక ఆరు వారాలు చేతులు కట్టుకుని కూర్చోండి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ రాళ్ళలో కాపురం పెట్టాలి. చేపల మురికిని హరించేది అవే. అవి చేరకముందే తొందరపడి చేపల్ని దింపారో, వాటి మురికిలో అవే చస్తాయి. పాపం మీది."

ఆ 'పాపం మీది' దగ్గర కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేది. కొత్తవాళ్ళు గతుక్కుమనేవాళ్ళు. వెనక కుర్చీలో కూర్చున్న ఆమె చెల్లెలు కూడా గతుక్కుమనేది, ఆ మాట వందోసారి వింటున్నా సరే.

చెల్లెల్ని అందరూ చిన్ని అంటారు. అరవై మూడేళ్ళొచ్చినా, మోకాళ్ళు పట్టేసినా చిన్ని చిన్నియే. అక్క పెట్టిన పేరు మరి. అక్క ఏం పెట్టినా కాదనడం చిన్నికి చేతకాదు.

తల్లి పోయిన ఏడాది తండ్రి ఇద్దరిలో ఒక్కళ్ళనే చదివించగలనన్నాడు. పెద్దది హాస్టలుకి వెళ్ళింది. అక్క ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా చూసి, తిరిగాక కూడా చూస్తూ నిలబడిపోయిన పిల్ల చిన్ని. సెలవులకొచ్చి వెళ్ళిన ప్రతిసారీ అదే తంతు. అక్క సైన్సు టీచరైంది. చిన్ని ప్రింటింగ్ ప్రెస్సులో ఫారాలు, అంటే పుస్తకం పేజీలు అచ్చైన పెద్ద కాగితాలు, మడిచే పనిలో చేరి, మడత నొక్కేటప్పుడల్లా ఒక వాక్యం చొప్పున చదువుకుంది. మడవని ఫారంలో పేజీలు వరసగా ఉండవు. అందుకని చాలా పుస్తకాలు ఆమెకు చివర ముందు తెలిసి, మొదలు తర్వాత తెలిసేవి. ఎవరైనా నవ్వుతూ ఇంటికొస్తే, వీళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఎలా ఉంటుందో అని ముందే దిగులు పడటం అక్కడే అలవాటైందేమో.

ఎనిమిదేళ్ళ కిందట ప్రెస్సు మూతపడింది. నలభై ఏళ్ళ పని ఒక్కరోజులో ఆగిపోతే చేతులకు ఆ సంగతి తెలియలేదు. కరెంటు బిల్లు, మందుల చీటీ, ఏ కాగితం దొరికితే అది మడిచేది. మడుస్తూ ఏడ్చేది. ఓ పొద్దున అక్క జాం సీసా ఒకటి పట్టుకొచ్చి వంటగట్టు మీద పెట్టింది. సీసాలో బొటనవేలంత రాతి కాడ, దాని తల మీద దారపు కుచ్చులాగా మెత్తటి వేళ్ళు, ఒక్కో వేలి కొసన బంగారు చుక్క.

"నా పగడంలోంచి ఒక తల కోసి తెచ్చా. ఉంచుకో. దీనికి రోజూ నీతో పనుంటుంది. ఇంత తీరిగ్గా ఏడవడానికి ఇక టైముండదు నీకు."

నిజంగానే ఉండలేదు. కిటికీ పక్కన చిన్న తొట్టిలో ఆ ఒక్క తల ఎనిమిదేళ్ళలో ఐదు తలలైంది. పొద్దున లైటు వెయ్యగానే ఐదూ ఒళ్ళు విరుచుకున్నట్టు తెరుచుకునేవి. చిన్ని వాటికి ఎదురుగా కూర్చుని టీ తాగేది.

అక్క ఇంట్లో ఉన్న తల్లి పగడం ముప్ఫై తలలతో ముచ్చటగా ఉండేది. కిందటేడు అది మొత్తంగా చచ్చిపోయింది. రెండ్రోజులు కరెంటు పోయిందనీ, పంపులు ఆగి నీళ్ళు కదలక ఊపిరాడలేదనీ అక్క అందరికీ చెప్పింది. అంతకుముందు ఆ పగడం ముక్కలు తీసుకెళ్ళినవాళ్ళు ఎవరూ వాటిని నిలుపుకోలేదు. ఇక ఆ వంశంలో మిగిలినవి చిన్ని దగ్గరున్న ఐదు తలలే.

"అయితే దాన్ని ఈ గిన్నెలో ఉంచకూడదే," అంది అక్క. "నీళ్ళు తక్కువైతే చిన్న తప్పు కూడా గంటలో పెద్దదవుతుంది. పెద్ద తొట్టి పెట్టు. ఎక్కువ నీళ్ళుంటే తప్పు చేసినా దిద్దుకునే వ్యవధి ఉంటుంది. రాళ్ళకు ఎక్కడా తిరగక్కర్లేదు, నావే ఇస్తా. పదిహేడేళ్ళ రాళ్ళు, బంగారం."

చిన్ని భర్త బస్సు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఐదడుగుల తొట్టి, నాలుగు వందల లీటర్ల నీళ్ళు అనేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పైపులో నీళ్ళు పోసి గది నేల మట్టం చూశాడు. ఇనుప స్టాండు వెల్డింగు చేయించి, దాని మీద తనే ఎక్కి రెండుసార్లు గెంతాడు.

"అర టన్ను బరువోయ్ ఇది. స్టాండు ఊగితే మనిద్దరం ఈత నేర్చుకోవాల్సిందే. అయినా నాకున్న బీపీకి ఇంట్లో ఇంత ఉప్పా?"

"మీరు తాగకుండా ఉంటే చాలు," అంది చిన్ని.

రాళ్ళు మూడు గోనెసంచుల్లో వచ్చాయి. చిన్ని సంచి విప్పి చూసింది. ఒకప్పుడు ఊదారంగులో మెరిసినవి, ఇప్పుడు ఎముకల్లా తెల్లగా, పొడిగా ఉన్నాయి.

"తడి ఆరకుండా తేవాలని నువ్వేగా చెప్తావక్కా? ఆరితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయని?"

"పాచి పట్టింది. రెండు నెలలు డాబా మీద ఎండలో వేశా. మళ్ళీ బతుకుతాయిలే. నీకెందుకు, నేనున్నాగా."

అక్క ఉంది. ఇక చిన్నికి అడగడానికేం లేదు.

ఆరు వారాలు ఆగమంటే ఎనిమిది వారాలు ఆగింది. రోజూ కాసిని నీళ్ళు గొట్టంలోకి తీసి, పరీక్ష చుక్కలు వేసి చూసి నోటు పుస్తకంలో రాసుకుంది. "రెండు నెలల్నుంచి రాళ్ళను చూస్తున్నాం. టికెట్ లేకుండా చూపించినా ఎవరూ రారు," అని భర్త వేళాకోళం చేశాడు. తర్వాత రెండు నారింజరంగు చేపల్ని దింపితే అవి హాయిగా తిరిగాయి. ఆ తర్వాత పాచి తినడానికి ఆరు నత్తల్ని తెచ్చింది.

కొత్త నీళ్ళకు నత్తలు మెల్లగా అలవాటు పడాలి. సన్నటి గొట్టానికి ముడి వేసి, తొట్టి నీళ్ళు వాటి గిన్నెలోకి సెకనుకో చుక్క పడేలా పెట్టి, చిన్ని రెండు గంటలు గడియారం చూస్తూ కూర్చుంది. మూడో రోజుకి ఆరూ వెల్లకిలా పడి ఉన్నాయి.

అక్క వచ్చింది. వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"తొందరపడుంటావు."

"లేదక్కా, రెండు గంటలు. గడియారం ముందు పెట్టుకున్నా."

"గడియారం పెట్టుకుంటే సరా? దృష్టి పెట్టుకోవాలి."

మళ్ళీ ఆరు తెచ్చింది. ఈసారి నాలుగు గంటలు చుక్కలు పోసింది. అవీ పోయాయి.

"తొట్టిలో నీళ్ళు తగ్గితే ఏం పోస్తున్నావ్?" అంది అక్క.

"మంచినీళ్ళే. ఫిల్టరువి. నీళ్ళు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరవదు, అందుకని ఉప్పునీళ్ళు పోయకూడదన్నావుగా."

"ఎప్పుడూ పోయలేదా? మర్చిపోయి, ఒక్కసారైనా?"

"లేదు."

"గుర్తు తెచ్చుకో చిన్నీ. నీకు ఈమధ్య మతిమరుపు. స్టవ్వు మీద పాలు వదిలేశానని నువ్వేగా చెప్పావు."

పాలు వదిలేసిన మాట నిజమే. పొద్దున 'లేదు' అని గట్టిగా చెప్పిన చిన్ని, సాయంత్రానికి 'ఏమో, పోశానేమో' అనుకుంది. బకెట్లు రెండూ ఒకే నీలం రంగువి. మర్నాడు ఒకదానికి ఎర్ర రిబ్బను కట్టింది. దాన్ని చూసినప్పుడల్లా తన చేతులే తనకు పరాయివిగా అనిపించాయి.

ఆ నెలలోనే అక్క కొత్తవాళ్ళకు పంచడానికి ఒక కరపత్రం వేయించింది. 'ఉప్పునీటి తొట్టి: మొదలుపెట్టేవారికి సలహాలు' అని పేరు. రెండు వందల కాపీలు చిన్ని ఇంట్లో దించి, "నీ చేతి మడత ముందు మిషనెందుకే," అని మురిపించి వెళ్ళింది. చిన్ని ప్రెస్సులో మడతలు నొక్కిన పాత ఎముక పుల్ల బయటికి తీసింది. మడత నొక్కింది, ఒక వాక్యం చదివింది. ఆరో సలహా దగ్గర పుల్ల ఆగింది.

'తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయాలి. నాకు బాగా దగ్గరి మనిషే, ఎంత చెప్పినా వినక ఉప్పునీరు పోసి పన్నెండు నత్తల్ని పొట్టన పెట్టుకుంది. అజాగ్రత్త ఎంతటి హంతకురాలో చూడండి.'

పేరు వెయ్యలేదు, అదొక్కటే దయ. చిన్ని మొహం వేడెక్కిపోయింది. అయినా అక్క అబద్ధం రాస్తుందన్న ఆలోచన రాలేదు. తను పోసే ఉంటుంది. మిగిలిన నూట తొంభై కాగితాలూ అంచు అంచుకి కలిపి, ఒక్క ముడత లేకుండా మడిచి, రబ్బరుబ్యాండు వేసి అక్కకు అందించింది.

పది రోజుల తర్వాత అక్క ఫోను చేసింది. "నీళ్ళన్నీ సరిగ్గా ఉన్నాయన్నావుగా. ఇక పగడాన్ని దించు."

"నత్తలే బతకలేదు కదక్కా. ఇది బతుకుతుందా?"

"నత్తలు వేరు, పగడం వేరు. నేను చెప్తున్నాగా."

"సరే, చిన్న తొట్టి కూడా ఉంచుతా. ఎందుకైనా మంచిది."

"రెండు పడవల మీద కాళ్ళెందుకు? ఆ చిన్న తొట్టి ఇచ్చెయ్. మా క్లబ్బులో కొత్తగా చేరిన జంట అడుగుతున్నారు."

చిన్ని ఇచ్చేసింది. ఐదు తలల పగడాన్ని అరచేతుల్లో పట్టుకుని పెద్ద తొట్టిలో, అక్క రాళ్ళ మధ్య, నడి ఎత్తులో కూర్చోబెట్టింది.

మొదటిరోజు సగమే తెరుచుకుంది. రెండోరోజు కుచ్చు కురచబడింది. నాలుగోరోజుకి ఐదు తలలూ పిడికిళ్ళలా ముడుచుకున్నాయి. ఫోను చేస్తే అక్క, "లైటు ఎక్కువైందే," అంది. లైటు తగ్గించింది. "పంపు ధార నేరుగా కొడుతుందేమో," అంది. భర్త పంపు తిప్పాడు. ఆరోరోజు చేస్తే, "అస్తమానం దాని మొహంలో మొహం పెట్టి కూర్చోకు, నీ బెంగే దానికి తగులుతోంది," అని నవ్వింది. ఆ రోజే ఒక తల అంచున మాంసం ఊడి, కింద తెల్లటి రాతి పళ్ళు బయటపడ్డాయి.

ఏడోరోజు పొద్దున్నే చిన్ని సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకుని చేపల షాపుకి వెళ్ళింది. అప్పుడే షట్టరు తీస్తోంది షాపావిడ. నలభై ఏళ్ళ మనిషి, చేతులెప్పుడూ మోచేతుల దాకా తడిగా ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి చుక్కలు వేసి చూసింది.

"అన్నీ బాగానే ఉన్నాయి పెద్దమ్మా. ఉప్పు కూడా ఉండాల్సినంతే ఉంది. చేపలెలా ఉన్నాయి?"

"చేపలకేం, దుక్కల్లా ఉన్నాయి. నత్తలే పన్నెండు పోయాయి. పగడం పోతోంది. నేనే ఎక్కడో ఉప్పునీళ్ళు పోశానట."

"ఉప్పు సరిగ్గా ఉందని చెప్తున్నాగా, ఎక్కడ పోశావ్?" అని ఆవిడ చేతులు తుడుచుకోవడం ఆపింది. "ఆగు. చేపలు బాగున్నాయి, నత్తలు మాత్రం చచ్చాయి. అంతేనా? రాగి మందు గానీ వేశావా?"

"అదేంటి?"

"చేపల ఒంటి మీద తెల్ల చుక్కలొస్తే వేస్తారు. నీలంగా ఉంటుంది. చేపకు మందు, నత్తకూ పగడానికీ విషం. వేరే తొట్టిలో పెట్టి వెయ్యాలి. రాళ్ళున్న తొట్టిలో వేస్తే ఆ రాళ్ళు పీల్చుకుంటాయి. ఇక ఎండబెట్టు, కడుగు, ఎన్నేళ్ళైనా కొంచెం కొంచెం కక్కుతూనే ఉంటాయి."

లోపలికెళ్ళి వేరే డబ్బా తెచ్చింది. చిన్న గాజు గొట్టంలో చిన్ని తెచ్చిన నీళ్ళు పోసి, చుక్కలు వేసి, తెల్ల కాగితం మీద నిలబెట్టింది. తేటగా ఉండాల్సిన నీళ్ళు చూస్తుండగానే గులాబీరంగుకి తిరిగాయి.

"రాగే. ఆ రాళ్ళు ఎక్కడివి పెద్దమ్మా?"

"మా అక్కవి."

షాపావిడ డబ్బా మూత పెట్టింది. పెట్టిన మూతనే మళ్ళీ నొక్కింది.

"చెప్పు తల్లీ," అంది చిన్ని.

"కిందటేడు టీచరుగారు నా దగ్గర నాలుగు బాటిళ్ళు తీసుకెళ్ళారు. పసుపు చేపకు ఒంట్లో బాలేదని. వేరే తొట్టిలోనేగా అంటే, నాకే పాఠాలు చెప్తావా అని కోప్పడ్డారు. నిజమేగా, మా అందరికీ చెప్పింది ఆవిడే. ఇంకేం అడగను?"

చిన్నికి ఏడుపు రాలేదు. ముందు పగడం. షాపావిడ చెప్పిందంతా బుర్రలో వేసుకుని, ఆ గాజు గొట్టం అడిగి తీసుకుని ఆటో ఎక్కింది. ఇంటికొచ్చి కొత్త బకెట్లో ఫిల్టరు నీళ్ళు పోసి, ఉప్పు కలిపి, కొలిచి, హీటరు పెట్టి, చిన్న పంపు వదిలింది. నీళ్ళు వెచ్చబడేదాకా బకెట్ పక్కన నేల మీద కూర్చుంది. భర్త ఏమీ అడగకుండా థర్మామీటరు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు పగడాన్ని తీసి, ముందు ఒక గిన్నెలో ముంచి కడిగి, బకెట్లోకి దించింది. ఐదు తలల్లో ఒకటి అప్పటికే ఉత్త రాయి.

మిగిలినవి ఏమవుతాయో ఎవరూ చెప్పలేరు. చెయ్యి తుడుచుకుని, గులాబీరంగు గాజు గొట్టానికి బిరడా బిగించి సంచిలో వేసుకుని, అక్క ఇంటికి బయల్దేరింది.

అక్క హాల్లో తొట్టి ముందు నిలబడి ఉంది. తొట్టిలో కొత్త రాళ్ళు, వాటి మధ్య అరచెయ్యంత పసుపు చేప ఒక్కటే. అక్క నీళ్ళలో వేళ్ళు ముంచితే వచ్చి ఆ వేళ్ళ మధ్య నుంచి మేత లాక్కుంటోంది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేంటే?"

చిన్ని గాజు గొట్టాన్ని బల్ల మీద పెట్టింది. "నా తొట్టి నీళ్ళు."

అక్క దాన్ని చూసింది. అదేమిటని అడగలేదు. "ఎవరు పరీక్ష చేశారు?" అని అడిగింది.

"షాపావిడ."

"ఇంకెవరైనా ఉన్నారా అప్పుడు?"

"పగడం ఎలా ఉందని అడగవా అక్కా?"

అక్క కుర్చీలో కూర్చుంది. తడిచెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

"ఇది చచ్చిపోతుంటే చూడలేకపోయానే. పద్నాలుగేళ్ళు నా చేతి మేత తిన్నది. ఒళ్ళంతా తెల్ల చుక్కలు. వేరే తొట్టిలోకి తీద్దామంటే రాళ్ళ సందుల్లో దూరింది. రాళ్ళన్నీ పీకితే గానీ దొరకదు. వద్దు వద్దని పదిహేడేళ్ళుగా అందరికీ చెప్తున్న ఈ చేత్తోనే బాటిల్ వంచేశా. ఇది బతికింది. పగడాలన్నీ వారంలో పోయాయి."

"కరెంటు పోయిందన్నావు."

"మరేం చెప్పను? టీచరే తొట్టిలో విషం పోసిందని చెప్పనా?"

"దానికి నేనేమీ అనను. నా పగడం చస్తుంటే నేనూ ఏదో ఒకటి పోసేదాన్నేమో. ఆ రాళ్ళు నాకెందుకిచ్చావు?"

"పారేస్తే ఎందుకు పారేశావని క్లబ్బులో అడుగుతారు. చెల్లెలికిచ్చానంటే ఎవరూ అడగరు." ఒక్క క్షణం ఆగింది. "రెండు నెలలు ఎండబెట్టా. పోయుంటుందనే అనుకున్నా చిన్నీ. నీ తొట్టిలో అది పెరిగితే నేనూ ఒక తల తెచ్చుకోవాలనుకున్నా. నీకు చెడు చెయ్యాలని కాదు."

"సరే. నత్తలు చచ్చిన రోజు వచ్చి చూశావు. అప్పుడు?"

"అనుమానం వచ్చింది."

"రెండోసారి చచ్చినప్పుడు?"

తొట్టి పంపు గురగురమంటోంది. అక్క చేప వైపు చూస్తోంది.

"తెలుసు," అంది.

"తెలిసే ఉప్పునీళ్ళు పోశానన్నావా? నాకు మతి పోతోందన్నావా? ఆ కరపత్రం నా చేతే మడత పెట్టించావు కదే!" ఎన్నడూ లేనిది, చిన్ని అక్కతో 'కదే' అంది. అక్క ఉలిక్కిపడింది. "అదీ పోనీ. తెలిసి తెలిసి పగడాన్ని ఎందుకు దించమన్నావు?"

"దించొద్దంటే ఎందుకని అడిగేదానివి."

అంతే. దాని వెనకాల ఇంకేదో ఉంటుందని చిన్ని కాసేపు ఎదురుచూసింది. ఏమీ లేదు.

"అడిగితే నాకు చెప్పలేవా? ఎవరికీ చెప్పకపోతే మానె, నాకు?"

"నీకే చెప్పలేనే. వాళ్ళంతా టీచరని పిలుస్తారు, వెనకాల నవ్వుకుంటారు. నేను చెప్పిందల్లా నిజమని నమ్మేది నువ్వొక్కదానివే."

చిన్ని లేచి సంచి భుజానికి తగిలించుకుంది. గాజు గొట్టం అక్కడే వదిలేసింది. మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. చెయ్యి పట్టుకోవడానికి వెనక అక్క ఉంటుందని అలవాటుగా చెయ్యి చాపి, చాపిన చేతిని రెయిలింగు మీద వేసుకుంది.

బకెట్లో పగడం తొమ్మిది రోజులు అటో ఇటో అన్నట్టు ఉంది. రోజు మార్చి రోజు సగం నీళ్ళు మార్చింది. మూడో రోజు ఇంకో తల పోయింది, ఐదో రోజు మరొకటి. పెద్ద తొట్టిలో రాళ్ళన్నీ భర్త తీసి మళ్ళీ గోనెసంచుల్లో కట్టి, వాటి మీద తెల్ల పెయింటుతో 'విషం' అని రాసి పెరట్లో పెట్టాడు. రాగిని పట్టే మందు సంచులు నీళ్ళలో వేలాడదీశారు. రెండు చేపలూ ఖాళీ తొట్టిలో అటూ ఇటూ తిరుగుతున్నాయి.

పదోరోజు పొద్దున మిగిలిన రెండు తలలూ ఉబ్బాయి. మధ్యాహ్నానికి వేళ్ళు బయటికొచ్చాయి, పొట్టిగా, కొసన బంగారు చుక్కతో. చిన్ని బకెట్ అంచు మీద గడ్డం ఆనించి చూస్తుండగా తలుపు చప్పుడైంది.

"రండి వదినగారూ, రండి," అంటోంది భర్త గొంతు. ఏమీ జరగనట్టు ఆహ్వానించడం ఆయన పద్ధతి. "కూర్చోండి, టీ పెడతా."

అక్క వచ్చి బకెట్‌కి అవతలి పక్క చిన్న స్టూలు మీద కూర్చుంది. బాగా చిక్కిపోయింది. ఇద్దరూ నీళ్ళలోకి చూశారు.

"రెండా?" అంది అక్క.

"రెండు."

"తెరుచుకున్నాయి."

"ఇవాళే."

అక్క కళ్ళు తుడుచుకుంది. "బకెట్లో బతికించావు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఇంకెవరూ చెయ్యలేరు."

చిన్ని బకెట్లో థర్మామీటరు చూసుకుంది.

"ఒకటి నాకియ్యి చిన్నీ. కొత్త తొట్టి పెడుతున్నా. గాజూ కొత్తదే, రాళ్ళూ కొత్తవే. నత్తల్ని దించి చూశా, పాకుతున్నాయి. కావాలంటే వచ్చి చూసుకో."

"ఇవ్వను."

"నేనిచ్చిందేగా అది."

"నువ్వే ఇచ్చావు. ఆ రోజు నువ్వు రాకపోతే నేనేమైపోయేదాన్నో. అది నేను మర్చిపోలేదు."

"మరి? నాకు పెంచడం రాదనా? నీకు నేర్పిందెవరే?"

"నువ్వే నేర్పావు. నాకన్నా బాగా పెంచుతావు." చిన్ని నీళ్ళ మీంచి చూపు ఎత్తి అక్క వైపు చూసింది. "కానీ రేపు దానికేదైనా అయితే నాకు చెప్పవక్కా. బతికించుకోవడానికి ఇంకా టైమున్నప్పుడే చెప్పవు. అది చచ్చిపోయాక వచ్చి, కరెంటు పోయిందంటావు. నేను నమ్ముతాను."

అక్క స్టూలు మీద నుంచి లేవడానికి బకెట్ అంచు పట్టుకోబోయి, చిన్ని చూపు చూసి, గోడ పట్టుకుని లేచింది.

"ఆదివారం క్లబ్బులో అందరికీ చెప్తాను," అంది. "కరపత్రం మార్చి వేయిస్తా. అప్పుడు?"

"చెప్పు. చెప్తే మంచిదే."

"అప్పుడిస్తావా?"

చిన్ని పంపు గొట్టం సరిచేసింది. రెండు తలలూ ఒక్కసారి ఊగి మళ్ళీ నిలదొక్కుకున్నాయి. అక్క ఇంకాసేపు నిలబడి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

భర్త మూడు గ్లాసుల టీ పళ్ళెంలో పెట్టుకొచ్చాడు. "వదినగారేరీ?"

"వెళ్ళింది."

"అదేంటి, టీ కూడా తాగకుండా? మళ్ళీ వస్తారా?"

"వస్తుంది. దాన్ని చూడకుండా ఉండలేదు." చిన్ని గ్లాసు అందుకుంది. "వస్తే కూర్చోబెట్టండి, టీ ఇవ్వండి, ఎంతసేపైనా చూడనివ్వండి. నేను ఇంట్లో లేనప్పుడు మాత్రం ఈ గది తలుపు తియ్యకండి."